మైనరుకి వేట పథ్యం

టీ తాగుతూనే వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మన నలుగురిలో ఒకడు పోయి ఆ కుర్చీ ఖాళీ అయ్యాక ఈ బల్ల దగ్గర నవ్వే బాధ్యత ఎలాగూ మీ ఇద్దరి మీదే పడింది. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు. ఆరు వారాల పాటు, రోజుకి రెండు పూటలా, గడియారం చూసుకుని మరీ, మా కుక్కకి ఏది పడదో సరిగ్గా దాన్నే నా చేత్తో నేను పెట్టాను. ఇంట్లో మిగిలింది పెట్టానా అంటే అదీ కాదు. రైలెక్కి ఊరు దాటి వెళ్ళి, ఐసులో పెట్టుకుని తెచ్చి పెట్టాను. డిగ్రీలో జువాలజీ చదివినవాణ్ణి. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి.

మా కుక్క మీకు తెలుసుగా, మైనరు. తొమ్మిదేళ్ళ క్రితం మా ఆవిడ భారతి పుట్టింటి నించి వస్తుంటే రేపల్లె స్టేషన్లో బెంచీ కింద దొరికాడు. చేతిసంచిలో వేసుకుని తెనాలి తెచ్చేసింది. పేరూ ఆవిడే పెట్టింది. పిల్లగా ఉన్నప్పుడే తోక పైకెత్తి వీధంతా తనదే అన్నట్టు నడిచేవాడు. వెనకటికి మా వైపు ఊరికో మైనరు బాబు ఉండేవాడు. సిల్కు లాల్చీ, సెంటు, చెయ్యడానికి ఏ పనీ లేకపోవడం. అచ్చం ఆ వాలకం. మా నాన్నకి అలాంటాయన ఒకడు తెలుసట. రేపల్లె నించి తెనాలి దాకా ఫస్ట్ క్లాసులో వచ్చి, ప్లాట్‌ఫారం మీద కిళ్ళీ కట్టించుకుని, అదే రైల్లో వెనక్కి వెళ్ళిపోయేవాడట. సరే, ఆయన సంగతి మొదలుపెడితే ఇవాళ తెమలదు.

చలికాలం పోతుండగా గోకుడు మొదలైంది. ముందు చెవులు. తర్వాత పాదాలు నాక్కోవడం. పొట్ట కింద ఎర్రగా దద్దుర్లు. నెల తిరిగేసరికి వీపు మీద బొచ్చు ఊడిపోయి, సిల్కు లాల్చీ మైనరు కాస్తా చిరుగుల బనీను మైనరయ్యాడు. చెవి మొదట్లో గోకి గోకి నెత్తురు వచ్చేది. తల విదిలిస్తే హాల్లో గోడ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. భారతి తడిగుడ్డ తెచ్చి తుడిచేది.  నన్ను ఏదైనా అంటే బాగుండును అనిపించేది.

తెనాలిలో సలహాలకి కరువేముంది. అంగలకుదురు నించి పాలు పోసే ఆయన అదంతా ఒంట్లో వేడండి, పెరుగన్నం ఒక్కటే పెట్టండి అన్నాడు. వారం పెట్టాం. గోకుడు తగ్గలేదు, విరేచనాలు తోడయ్యాయి. నాతో పనిచేసిన తెలుగు మాస్టారు కొలకలూరు నించి ఫోన్ చేసి రాగి అంబలి అన్నాడు. మైనరు దాన్ని వాసన చూసి, గిన్నెని ముక్కుతో నెట్టుకుంటూ వెళ్ళి గులాబీ కుండీ వెనక పెట్టి వచ్చాడు. గుడ్లు ఉడకబెట్టి పెట్టాం. కోడి మెడలు పెట్టాం. పైన నిగనిగలాడే కుక్క బొమ్మ ఉన్న ప్యాకెట్ తెచ్చి పెట్టాం. అన్నీ తిన్నాడు, తిని గోక్కున్నాడు. మందుల షాపులో పూతమందు ఇస్తే అది కూడా నాకేశాడు. వీటన్నిటి మధ్యలో మా కంచాల్లో మిగిలిన చేప ముక్కలు మామూలే. మాది సముద్రం ఒడ్డు కుటుంబమని మీకు తెలుసు. తెనాలి వచ్చాక చెరువు చేపలకి అలవాటు పడ్డాం గానీ, కోడి తప్ప వేరే మాంసం మాత్రం ఇన్నేళ్ళలో మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ వాసన భారతికి పడదు.

అప్పుడు ఎవరో చెప్పారు, బాపట్లలో కుక్కల్ని బాగా చూసే డాక్టరున్నాడని. పేరు కనుక్కుంటే నా స్టూడెంటే. రవికుమార్. సంగం జాగర్లమూడి నించి సైకిలు మీద వచ్చి మా స్కూల్లో చదివేవాడు. రైతుల పిల్లవాడు. మా అందరిలాగా పుస్తకంలో చూసి కాకుండా, ఇంట్లో గేదెని చూసి నెమరు వెయ్యడం గురించి రాసేవాడు. ఆటో మాట్లాడుకుని మైనరుని బాపట్ల తీసుకెళ్ళాం. ఆ ఊళ్ళోనే నేను డిగ్రీ చదివాను. హాస్టల్ సాంబారు గుర్తొచ్చి దారిలో భారతికి చెప్పబోతే, ముందు వాడి చెవి పట్టుకోండి, ఆటో కుదుపుకి తగులుతోంది అంది.

రవికుమార్ కాళ్ళకి దణ్ణం పెట్టాడు, మైనరుకి కూడా అంత మర్యాదగానే పరీక్ష చేశాడు. పేలు లేవన్నాడు, ఫంగస్ లేదన్నాడు. తినే తిండిలో ఏదో పడటం లేదు, అదేంటో పట్టుకోవాలి అన్నాడు. పట్టుకునే పద్ధతి ఒక్కటేనట. ఇంతవరకు తినని మాంసం ఒకటి, అన్నం ఒకటి, ఎనిమిది వారాలు, ఇంకేమీ లేకుండా. దానికీ తగ్గకపోతే ఇక బతికినంత కాలం స్టెరాయిడ్ మాత్రలే. ఆ మాట చెప్పి కాస్త గొంతు తగ్గించాడు. తొమ్మిదేళ్ళ కుక్క కదా, లివరు ఎన్నాళ్ళు తట్టుకుంటుందో చెప్పలేనన్నాడు. మైనరు బల్ల మీద నించుని వణుకుతూ గోల చేస్తుంటే భారతి వాణ్ణి ఎత్తుకుని ఆటో దగ్గరికి వెళ్ళిపోయింది. గదిలో నేనూ డాక్టరూ మిగిలాం. ఇప్పటిదాకా ఏమేం తిన్నాడని అడిగాడు. కోడి, గుడ్డు, పెరుగు, చెరువు చేపలు అని చెప్పాను.

"అయితే అవన్నీ మానెయ్యండి మాస్టారూ. కోడి వద్దు, గుడ్డు వద్దు, ఆ చెరువు చేపలూ వద్దు. వేట ఒక్కటే పెట్టండి. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి అన్నంలో కలపండి. వేట తప్ప ఇంకేదీ వాడి నాలిక మీద పడకూడదు."

రామారావూ, నువ్వు అప్పుడే నవ్వుతున్నావు. కాస్త ఆగు.

మీ ఇళ్ళల్లో వేట అని దేన్నంటారో ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. మా ఇళ్ళల్లో పుట్టినవాడికి ఆ మాట విడమరచి చెప్పాల్సిన పని లేదు. మా నాన్న వేటకెళ్ళాడంటే బోటెక్కి సముద్రం మీదకి వెళ్ళాడని. వేట బాగుందంటే వల నిండిందని. వేట చేప అంటే సముద్రంలో పట్టిన చేప, చెరువులో పెంచిన చేప కాదు. డాక్టరు చెరువు చేప వద్దన్నాడు, వేట పెట్టమన్నాడు. ఇందులో అర్థం కానిదేముంది? పైగా బయటికొచ్చి చీటీ చూశాను. ఇంగ్లీషులో ఏదో గిలికి, దాని పక్కన 'బోట్ ప్లస్ రైస్' అని ఉంది. కరెక్టే, బోటు సరుకే పెట్టమంటున్నాడు అనుకున్నాను. పొలాల వైపు పిల్లవాడికి సముద్రం మాటలు ఇంత బాగా తెలిశాయే అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

ఇంటికొచ్చి చెబితే భారతి ఒకటే ప్రశ్న వేసింది. చేప వద్దన్నాడా, చెరువు చేప వద్దన్నాడా అని. రెండూ ఒకటి కాదని చెప్పాను. మంచినీటి చేపల కుటుంబం వేరు, సముద్రపు చేపల కుటుంబం వేరు, మాంసంలో ఉండే ప్రోటీనే వేరు అని అరగంట క్లాసు చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ అంతా విని, చేప చేపే కదండీ అంది. నీకు సైన్సు తెలియదు అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు ఎదురుచెప్పని పిల్లల మధ్య బతికితే మనిషికి ఆ మాట ఇట్టే నోటికొస్తుంది.

తెనాలి మార్కెట్లో సముద్రపు చేప దొరకదని కాదు. అందులో ఎవడు ఏది కలుపుతాడో నమ్మకం లేదు. పథ్యం అన్నాక శుద్ధంగా ఉండాలి. రేపల్లెలో భారతి తమ్ముడు పోలయ్య ఉన్నాడు, వాళ్ళకి రెండు బోట్లు. మూడు రోజులకోసారి పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లె వెళ్ళడం, పోలయ్య ఐసు పెట్టి కట్టించిన డబ్బా పట్టుకుని తిరుగు రైలెక్కడం. నేనెక్కిన పెట్టెలో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఒకసారి వేమూరులో ఎక్కినావిడ, ముక్కు మూసుకునే, ఏం చేపలు బాబాయిగారూ అని అడిగింది. వంజరం అన్నాను. ఇంట్లో పెళ్ళా అంది. కుక్కకి అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి తలుపు దగ్గర నించుంది. పోలయ్య అయితే మొహం మీదే అడిగాడు. బావా, నా పిల్లలకే ఇంత వంజరం పెట్టలేదు, నీ కుక్క కడుపున పుట్టుంటే బాగుండేది అన్నాడు.

మైనరు ఎంత ఇష్టంగా తినేవాడో చెప్పలేను. నేను గేటు తీస్తుండగానే డబ్బా వాసన పట్టేవాడు. తోక ఒక్కటే కాదు, నడుము దగ్గర్నించి ఊపేవాడు. నేనే ముళ్ళు తీసి, ఉడకబెట్టి, అన్నంలో మెత్తగా పిసికి పెట్టేవాణ్ణి. గిన్నె ఖాళీ చేసి నా చెయ్యి నాకేవాడు. ఆ తర్వాత మూలకి వెళ్ళి గోక్కోవడం మొదలుపెట్టేవాడు.

మొదట్లో తేడా కనబడదు, ఓపిక పట్టండి అని డాక్టరు చెప్పాడు. ఓపిక నేను పట్టాను. గోక్కున్నది వాడు. మూడో వారానికి రెండో చెవి కూడా పుండయింది. గోళ్ళు తగలకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు కట్టాం. దాంతో తలుపులకీ కుర్చీలకీ కొట్టుకుంటూ తిరిగేవాడు. వీధంతా తనదే అన్నట్టు నడిచినవాడికి గుమ్మంలోంచి బయటికి రావడమే గగనమైంది. అయిదో వారం భారతి అడిగింది, డాక్టరుకి ఓ ఫోన్ చెయ్యకూడదా అని. ఎనిమిది వారాలన్నాడు, లెక్క ప్రకారం జరగనీ అన్నాను. ప్రయోగం మధ్యలో ఆపితే ఫలితం రాదని కూడా అన్నాను. ఆవిడ వాడి పక్కన నేల మీద కూర్చుని గరాటులోకి చెయ్యి పెట్టి నుదురు రాస్తోంది. 

ఆరో వారం ముగుస్తుండగా పోలయ్య ఫోన్. బావా, రేపట్నించి వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డుకి లాగేశాం అన్నాడు. ఏటా ఏప్రిల్లో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సముద్రం మీదకి ఎవర్నీ వెళ్ళనివ్వరు కదా. మా నాన్న రోజుల్లో ఇవేవీ లేవు. ఈ నిషేధం పుట్టినప్పట్నించీ నాకు తెలుసు, ఆ నెల్లో పోలయ్య ఇంటికి వెళ్ళకూడదని కూడా తెలుసు, చిరాకు మీద ఉంటాడు. కానీ మైనరు పథ్యం లెక్క వేసుకున్నప్పుడు ఈ సంగతి తట్టలేదు. ఇంకా రెండు వారాలు మిగిలున్నాయి. ఒక్క ముక్క వేరేది తగిలినా మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు హెచ్చరించాడు. ఐసులో దాచింది రెండు రోజులకి కూడా రాదు.

మర్నాడే మళ్ళీ ఆటో, మళ్ళీ బాపట్ల. ఈసారి భారతి గదిలోంచి కదల్లేదు. మైనరు బల్ల మీద నించోలేక గరాటుతో సహా పడుకున్నాడు. రవికుమార్ చెవులు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇంత ముదిరిందేంటి మాస్టారూ అన్నాడు. అది తర్వాత చూద్దువుగాని, ముందు నా అవస్థ విను అన్నాను.

"ఇంకా రెండు వారాలుండగా వేట ఆగిపోయింది బాబూ. నిషేధం పెట్టారు. ఇప్పుడేం పెట్టమంటావు?"

రవికుమార్ అర్థం కానట్టు చూశాడు.

"వేటకి నిషేధమేంటి మాస్టారూ? పొద్దున కూడా మా వీధి చివర రెండిటిని కోశారు."

"ఎక్కడ కోశారు? నిన్ననే బోట్లన్నీ లాగేస్తే?"

"బోట్లేంటండి?"

నేను సంచిలోంచి చీటీ తీసి, ఇదిగో నువ్వే రాశావుగా అని చూపించాను. రవికుమార్ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, అది బి కాదండి, జి అన్నాడు. గోట్. గోట్ ప్లస్ రైస్.

చీటీ మడిచి నా చేతికిచ్చేశాడు.

"మాస్టారూ, ఈ ఆరు వారాలూ వీడికి ఏం పెట్టారు?"

చెప్పాను. వంజరం. అది దొరకని రోజు కానాగంతలు. రెండు పూటలా.

రవికుమార్ కుర్చీలో కూర్చున్నాడు. ఇంతవరకు వాడికి పడనిదేంటో తెలియక వెతుకుతున్నామండి, ఇప్పుడు తెలిసినట్టే, చేపే అన్నాడు. చెరువుదైనా సముద్రానిదైనా ఒకటేనట. తప్పు నాదేనండి, మేక అని చెప్పాల్సింది, మా ఇళ్ళల్లో వేట అంటే మేకపోతే, అలవాటుగా అనేశాను అన్నాడు. అంతటి మంచివాడు. వాడు తిడితే బాగుండును.

భారతి నా వైపు చూడలేదు. డాక్టరుతోనే అంది.

"నీ తప్పేం లేదు నాయనా. నువ్వు చెప్పింది మేకే. ఈయన సముద్రం విన్నారు."

ఆ మాటకి మైనరు తల ఎత్తాడు. గరాటులోంచి అటూ ఇటూ చూసి, అందరిలోకీ నన్నే ఎంచుకుని, నా వైపు తోక ఊపాడు. రెండంటే రెండు సార్లు, ఓపిక లేక. ఇంతకాలం వాడికి రోజూ వంజరం పెట్టిన మారాజుని నేనే కదా. పెట్టినదల్లా తిన్నాడు, నేను పెట్టాను కాబట్టి తిన్నాడు. నవ్వు రావడం లేదని ఇందాక అన్నానే, అది ఇందుకు.

సరే, మళ్ళీ మొదటి రోజు నించి ఎనిమిది వారాలు. ఈసారి మేకే. మాంసం కొట్టు నించి నేను తెచ్చానా, భారతి పొట్లం విప్పి, తనే చూసి, వాసన చూడలేక మొహం తిప్పుకుని, మళ్ళీ చూసింది. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆ ఇంట్లోకి రానివ్వని వస్తువు. పెరట్లో విడిగా గ్యాస్ పొయ్యి పెట్టించుకుని, ముక్కుకి చీరచెంగు చుట్టుకుని తనే ఉడకబెడుతుంది. నేను చేస్తాను, నువ్వు లోపలికి వెళ్ళు అన్నాను. వద్దంది. కోపంగా కాదు. పరీక్షలో కాపీ కొట్టి దొరికిన పిల్లవాడిని మళ్ళీ ఆ బల్ల మీద కూర్చోనివ్వం చూడండి, అలాగ.

నాలుగో వారానికి గోకుడు సగం పడిపోయింది. ఆరో వారానికి గరాటు తీసేశాం. ఎనిమిదో వారం అయ్యాక రవికుమార్ ఫోన్లో, రూలు ప్రకారం ఒకసారి మళ్ళీ చేప పెట్టి చూసి ఖాయం చేసుకోవాలండి అన్నాడు. భారతి ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, ఆ పరీక్ష మీ మాస్టారు ఆరు వారాల పాటు ముందే పెట్టేశారు నాయనా అని పెట్టేసింది. స్టెరాయిడ్ మాట ఇక లేదు. ఇప్పుడు వీపు మీద కొత్త బొచ్చు వస్తోంది, ఇంకా పొట్టిగా, రంగు కాస్త తేడాగా. ఎడమ చెవి అంచు మాత్రం చిరిగిన చోట అలాగే ఉండిపోయింది. అది ఇక రాదట. రోజూ కనబడుతుంది.

మా ఇంట్లో చేప వండటం మానేశాం. మా కంచాలు నాకడం వాడికి అలవాటు, ఎప్పుడు ఏ మూల ఏం తగులుతుందో అని. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, బీరకాయ తింటున్నాను. దాని గురించి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదని నాకు తెలుసు.

వంట నా చేతిలోంచి పోయింది, బజారు పని సగం పోయింది. ఇంకా నాకు వదిలిపెట్టిన ఉద్యోగం ఒక్కటే, గిన్నె తీసుకెళ్ళి వాడి ముందు పెట్టడం. పెడతాను. మైనరు వస్తాడు. గిన్నెలోకి చూస్తాడు, నన్ను చూస్తాడు. తోక ఊపుతాడు, ఆ మర్యాదకి లోటు లేదు. కానీ మూతి పెట్టడు. తల తిప్పి పెరటి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు. భారతి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తిను నాన్నా, నేనే వండాను అన్నాకనే తింటాడు.

ముప్ఫై నాలుగేళ్ళు ఎన్ని వేల పేపర్ల మీద పాసనీ ఫెయిలనీ సంతకం పెట్టానో లెక్క లేదు. ఇవాళ నేను పెట్టిన కుక్క గిన్నె కూడా పై అధికారి సంతకం లేనిదే చెల్లటం లేదు.